నైలాన్ బిగువు

బైలడిల్లా టౌన్‌షిప్,
జూలై 1983.

బుల్లీకి మీ వదినె దీవెనలు.

విశాఖపట్నంలో గది కుదిరిందా? ఆఫీసులో టైపు పని చేతికి అలవాటయిందా? నువ్వు రైలెక్కిన నాటి నుంచి ఇక్కడ వాన తెరిపి ఇవ్వలేదు. రోడ్డు జారుతోందని కొండ మీద గని పని మధ్యమధ్య ఆపుతున్నారు. మీ అన్న డంపర్ దిగి ఇంటికొస్తే మనిషి కనపడడు, ఎర్రమట్టే నడిచి వచ్చినట్టుంటాడు.

టెన్నిస్ రాకెట్లు అల్లడానికి మామయ్య దాచిన గొర్రెపేగు తీగలు పాడైపోయాయి బుల్లీ. చుట్ట విప్పి చూస్తే తడికి ఉబ్బి పోగులు పోగులుగా ఊడిపోయాయి. క్లబ్బులో కోర్టు చూసే సోమారు దాన్ని చేత్తో పట్టుకుని, "గయా బాయీ, పోయింది. ఇక నైలానే" అన్నాడు. మామయ్య ఆ క్లబ్బులో పని చేసినన్నాళ్లూ నైలాన్ పేరెత్తితే చేపల వలకు పనికొస్తుందనేవాడు గుర్తుందా? కూతురివని నీకూ, కోడలినని నాకూ తేడా చూడకుండా ఆట నేర్పాడు, నాకు రాకెట్ అల్లడమూ నేర్పాడు. ఆయన ఉంటే ఏమనేవాడో గానీ నేను నా రాకెట్లు రెండూ నైలాన్‌తో అల్లేశాను.

మొదటి రోజు ఆడితే కొత్తవాళ్లతో మాట్లాడినట్టుంది. పేగు తీగ బంతిని ఒక్క క్షణం పట్టుకుంటుంది, ఎటు పంపాలో చేతిని అడిగి వదులుతుంది. నైలాన్ అడగదు, తగలగానే విసిరేస్తుంది. గట్టిగా తిప్పి కొట్టినప్పుడల్లా తీగలు పక్కకు జారిపోతాయి, పాయింటు కాగానే వేళ్లతో సర్దుకోవాలి. కానీ వానకు భయపడదు, తెగదు. మన ఊరికి అదే నయమేమో.

ఇంకో మాట. బడిలో ఆడపిల్లలకు ఆటల టీచరమ్మ పోస్టు మంజూరయిందని పెద్ద టీచరమ్మ చెప్పింది. ఆయతి, గంగే, మాసే, ఇంకా లేబర్ క్యాంపు పిల్లలు సాయంత్రమయితే నా దగ్గరికే వస్తున్నారు కదా, నన్నే పెట్టుకోమని ఆమె పై వాళ్లకు చెప్తానంది. నవంబరులో కంపెనీ అన్ని యూనిట్ల ఆడవాళ్ల పోటీ ఇక్కడే. గని పెద్ద సాబు దగ్గరుండి చూస్తాడట. నువ్వు రావాలి. నువ్వూ నేనూ జోడీ. అక్కడివాళ్లు తమ జట్టులో ఆడమంటే ఒప్పుకోకు.

నాకిది కావాలి బుల్లీ. ఈ ఇంటికి వచ్చాక నాకు ఫలానాది కావాలని నేనెవరినీ అడగలేదు.

నీ జాబు కోసం చూస్తుంటాను.
సోమమ్మ


విశాఖపట్నం,
ఆగస్టు.

వదినెకు నమస్తే.

నువ్వు లేని జోడీ నాకెందుకు? తప్పకుండా వస్తాను. ఇక్కడి ఆఫీసు కోర్టు సముద్రానికి దగ్గర. ఉప్పు గాలికి రాకెట్ పిడి ఎప్పుడూ జిగటే. ఆడేవాళ్లు ఆఫీసర్ల భార్యలు. బంతి కంటే ముందు చీర చూసుకుంటారు. నాకు మన ఎర్ర కోర్టే కలలోకి వస్తోంది. నేను అద్దెకుంటున్న ఇంటి వెంకమ్మ పొద్దున్నే నన్ను చూసి, "ఏంటమ్మా, రాత్రంతా ఎవరితోనో 'నీది, నీది' అంటున్నావ్?" అంది. నీతోనే. నెట్టు దగ్గర బంతి ఎవరు తీయాలో అరుస్తున్నానన్నమాట.

పోస్టు సంగతి బాగుంది. దానికి చదువు ఎంత కావాలి? బయటివాళ్లు కూడా అడగొచ్చా, అక్కడివాళ్లకేనా? కనుక్కుని రాయి.

నైలాన్ ఎంత బిగువుగా అల్లావు? నాన్న పేగు తీగ లాగినంతా? చెయ్యి అదరడం లేదా? అన్నీ వివరంగా రాయి వదినె. ఇక్కడ నా పని ఎన్నాళ్లుంటుందో తెలియదు, ఆ సోది తర్వాత రాస్తాను.

అన్నను అడిగానని చెప్పు.
బుల్లమ్మ


బైలడిల్లా టౌన్‌షిప్,
ఆగస్టు ఆఖరు.

బుల్లీకి,

నువ్వు అడగకపోతే రాసేదాన్ని కాదు. ఇది నీకొక్కదానికే. మీ అన్నకు కూడా చెప్పలేదు.

కుడి మోచెయ్యి పోయింది. మామయ్య బిగించినంత గట్టిగానే నైలాన్ లాగాను, అదే నా కొంప ముంచింది. పేగు తీగకు అంత బిగువున్నా దెబ్బను తనే మింగుతుంది. ఇది మింగదు, పిడిలోంచి మోచేతికి పంపుతుంది. ఈ వాన పొద్దుల చలికి తీగ ఇనుపకమ్మి లాగా ఉంటోంది. అన్నం గిన్నె దించలేకపోతున్నాను. బట్టలు పిండితే కళ్లలో నీళ్లు వస్తున్నాయి. మీ అన్న అడిగితే వాకిట్లో జారానని చెప్పాను. గంగే వాళ్లమ్మ సన్నే మాత్రం కనిపెట్టి, అడవి నుంచి తెచ్చిన ఏదో నూనె మర్దనా చేస్తోంది.

పిల్లల ముందు ఎడమ చేత్తో బంతులు వేస్తున్నాను. "ఏంది పెద్దమ్మా, కొత్త ఆటా?" అని ఆయతి నవ్వుతుంది.

ఈ మాట బయటపడితే పోస్టు పోయినట్టే. చెయ్యి పనిచేయని మనిషిని ఆటల టీచరును ఎవరు చేస్తారు? నువ్వడిగింది కూడా కనుక్కున్నాను. పదో తరగతి చాలు, ఇక్కడి కార్మికుల ఇంటి మనిషై ఉండాలట. కాబట్టి పోటీకి ఎవరూ లేరు, నా చెయ్యి తప్ప.

చదివి చించెయ్యి.
సోమమ్మ


విశాఖపట్నం,
సెప్టెంబరు.

వదినెకు,

నీ ఉత్తరం చదివి ఆఫీసులోనే ఏడ్చాను. వెంటనే బజారుకు పోయాను. ఇక్కడొక దుకాణంలో కొత్త రకం నైలాన్ ఉంది. ఒంటి తీగ కాదు, సన్నటి పోగులు చాలా కలిపి పురి పెట్టినది. వేలితో మీటితే మెత్తగా పలుకుతుంది. పొద్దుటి రైలు గార్డు బుధ్రాం మన టౌన్‌షిప్ మనిషే, అతని చేతికిచ్చి పంపుతున్నాను. దీన్ని నాన్నలాగా బిగించకు. బాగా వదులుగా అల్లు. బంతి నువ్వనుకున్న దానికంటే దూరం పోతుంది, చెయ్యి పొట్టిగా తిప్పి ఆపెయ్యి. అప్పటిదాకా రాకెట్ ముట్టకు.

మొన్న మన పెద్ద సాబు ఓడరేవు పని మీద ఇక్కడి ఆఫీసుకు వచ్చాడు. రామయ్య కూతురివి కదూ అని గుర్తుపట్టాడు. ఇంటి సంగతులన్నీ అడిగాడు. చాలాసేపు మాట్లాడాడు. మంచివాడే.

చెయ్యి జాగ్రత్త.
బుల్లమ్మ


బైలడిల్లా టౌన్‌షిప్,
అక్టోబరు.

నా బుల్లీకి,

నొప్పి పోయింది! నువ్వు పంపిన తీగ అల్లాను. మొదట నాలుగు బంతులు కంచె దాటి సోమారు పెసరచేలో పడ్డాయి. "బాయీ, కోతకొచ్చిందని బంతులతో కొడ్తున్నవా?" అని తిట్టాడు. తర్వాత నువ్వన్నట్టే చెయ్యి పొట్టిగా తిప్పాను. బంతి మెత్తగా దిగి, మళ్లీ లేచి, నేను చూపిన చోటికి పోయింది. కొత్తలో రోజురోజుకూ కాస్త వదులవుతూ వచ్చింది గానీ తర్వాత ఒకచోట కుదురుకుంది. ఈ బిగువే నాది. ఇన్నేళ్లూ మామయ్య బిగువుతో ఆడానని ఇప్పుడు తెలిసింది.

నిన్న నిండు నీళ్ల బిందె కుడి చేత్తో ఎత్తాను. నూరుకోవడం, పిండుకోవడం, సర్వీసు, అన్నీ అవుతున్నాయి. చిన్న సలుపు కూడా లేదు. పిల్లల రాకెట్లన్నీ విప్పి వదులుగా అల్లుతున్నాను.

పెద్ద సాబు అంతసేపు మాట్లాడాడన్నావు. నా పోస్టు మాట కదిపావా? ఏమన్నాడు?

సొంత చెల్లెలున్నా ఇంత చేసేది కాదు.
సోమమ్మ


విశాఖపట్నం,
అక్టోబరు ఆఖరు.

వదినెకు,

నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. సాబు పనుల మీద వచ్చాడు, అన్నీ మాట్లాడే వీలెక్కడిది? పోటీకి ముందురోజు రైలుకు వస్తున్నాను. మిగతావి ఎదురుగా మాట్లాడుకుందాం. పని ఎక్కువగా ఉంది.

బుల్లమ్మ


బైలడిల్లా టౌన్‌షిప్,
నవంబరు ఆఖరు.

బుల్లీకి,

నువ్వు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. మనం గెలిచిన కప్పు కిటికీలో పెట్టాను. మాసే రోజూ వచ్చి తుడిచి పోతోంది. క్యాంపులో ఆడవాళ్లంతా, "వదినె మరదళ్లు కొట్లాడుకునుడే చూసినం గని, కలిసి గెలుసుడు ఇప్పుడే చూసినం" అంటున్నారు.

ఒక్కటి అడగనా? ఆఖరి ఆటలో నా వైపు వచ్చిన బంతులన్నీ నువ్వే అడ్డంపడి తీశావు. "నువ్వాగు వదినె, నేను తీస్త" అని అందరికీ వినపడేలా అరిచావు. అంతకు ముందు మనం ఎప్పుడూ అట్లా ఆడలేదు. అప్పుడు నాకు చివుక్కుమంది. తర్వాత అనుకున్నాను, నా చేతి మీద బెంగతో చేసి ఉంటావని. తగ్గిందని రాశాను కదా, మరచిపోయావా పిచ్చిదానా?

పోస్టు ఆర్డరు కొత్త సంవత్సరంలో వస్తుందట. రాగానే మొదట నీకే రాస్తాను.

సోమమ్మ


బైలడిల్లా టౌన్‌షిప్,
జనవరి 1984.

బుల్లమ్మకు,

ఆర్డరు వచ్చింది. నీకు తెలుసు.

నాకు ఎట్లా తెలిసిందో రాస్తాను. సాయంత్రం కోర్టులో పిల్లలకు బంతులు వేస్తుంటే పెద్ద టీచరమ్మ వచ్చింది. అందరి ముందే నా భుజం మీద చెయ్యి వేసి, "బాధపడకు సోమమ్మా. ముందు చెయ్యి నయం చేసుకో. పిల్లల్ని మీ ఆడపడుచు చూసుకుంటుంది" అంది.

"ఏ చెయ్యి?" అన్నాను.

"ఇంకా దాస్తావెందుకమ్మా? బుల్లమ్మే సాబుతో చెప్పిందట. మా వదినె అన్నం గిన్నె కూడా దించలేదు, పాపం ఎవరికీ చెప్పుకోదు అని. నేను నమ్మలేదు గానీ, పోటీలో చూశాం కదా. నీ బంతులన్నీ ఆమే తీసింది."

అన్నం గిన్నె మాట నేను రాసింది నీ ఒక్కదానికే.

కోర్టు పక్కనున్న నీళ్ల తొట్టిలో బకెట్ ముంచి కుడి చేత్తో ఎత్తి ఆమె ముందు పెట్టాను. మళ్లీ ఎత్తాను. ఆమె జాలిగా చూసి, "ఇప్పుడెందుకమ్మా, ఆర్డరయిపోయింది" అంది. పిల్లలు నా మొహం చూస్తున్నారు. బకెట్ ఎక్కడ దించాలో తెలియలేదు.

ఇంటికొచ్చి మీ అన్నతో చెప్పాను. అతను తలెత్తలేదు. నాకు అనుమానం వచ్చింది.

"నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

"దసరా ముందు సంది. దాని నౌకరి పోతుందని రాసింది. ఏందే సోమా, ఇంట్లకే వచ్చింది గద. నువ్వు చేస్తేంది, అది చేస్తేంది?"

"మరి నాకెందుకు చెప్పలే?"

బూట్ల ఎర్రమట్టి గీకుతూ కూర్చున్నాడు. తర్వాత, "చెప్తే నువ్వు ఆడకపోతివి" అన్నాడు.

అది విన్నాక నాకు ఏడుపు కూడా రాలేదు. నేను ఆడాలి, మనం గెలవాలి, ఆ గెలుపుతో నువ్వు పోస్టు తీసుకోవాలి. మీ అన్నా చెల్లెళ్లు నన్ను అంతవరకు ఉంచుకున్నారు. పోటీ రోజు మీ అన్న నాకు తన చేత్తో నిమ్మకాయ నీళ్లు కలిపి ఇచ్చాడు. అవి తాగి, ఇంత ప్రేమ ఎప్పుడు దాచిపెట్టుకున్నాడా అనుకున్నాను.

నొప్పి ఉందని సాబుకు చెప్పిన నోటితో, తగ్గిందని ఎందుకు చెప్పలేదు? దీనికి జవాబు రాయి. ఇంకేమీ రాయొద్దు.

సోమమ్మ


విశాఖపట్నం,
జనవరి.

వదినెకు నమస్తే.

జవాబు రాస్తున్నాను. సాబుతో అన్ననాడు నీ నొప్పి నిజం. నేను అబద్ధం చెప్పలేదు. ఆయనే, మీ వదినె బాగా ఆడుతుందట కదా అని అడిగాడు. నోరు జారింది. వెంటనే ఆయన, నీకు పదో తరగతి ఉందా అన్నాడు. ఉందన్నాను. అంతకు ముందు వారమే ఇక్కడి ఆఫీసు సంవత్సరాఖరుతో నన్ను తీసేస్తున్నట్టు చెప్పింది. నీకు రాయాలనుకుని రాయలేకపోయాను. తర్వాత నువ్వు తగ్గిందని సంతోషంగా రాశావు. ఆ ఉత్తరం మడిచి పెట్టె అడుగున పెట్టేశాను. కానీ అప్పటికే నా పేరు పైకి పోయింది. వెళ్లి కాదని చెబితే ఆ పోస్టు నీకొస్తుంది, నేను వీధిన పడతాను. చెప్పలేదు.

ఆటలో నీ బంతులు ఎందుకు తీశానంటే, తీశాను, అంతే.

ఒకటి ఆలోచించు వదినె. నీకు ఇల్లుంది, అన్న ఉన్నాడు. పోస్టు లేకపోయినా నువ్వు నువ్వే. నాకు ఎవరున్నారు? నేనేమీ పరాయిదాన్ని కాదు కదా. వచ్చాక పిల్లలకు ఇద్దరం కలిసి నేర్పుదాం. పేరు నాదైనా పని ఇద్దరిదీ. నీకంటే బాగా నేర్పడం నాకు రాదు, ఆ సంగతి నాకూ తెలుసు.

ఒకటో తారీఖున చేరాలి. స్టేషనుకు నువ్వు వస్తే చాలు, నాకు అన్నీ సర్దుకుంటాయి.

బుల్లమ్మ


బైలడిల్లా టౌన్‌షిప్,
ఫిబ్రవరి.

వదినెకు,

స్టేషనుకు అన్న ఒక్కడే వచ్చాడు. నువ్వు మీ అమ్మ దగ్గరికి తర్లగూడ పోయావని దారిలో చెప్పాడు. ఇల్లంతా కడిగి, నాకు పక్క కూడా వేసి పోయావు. అది చూస్తే నువ్వు తిట్టినా బాగుండేదనిపించింది.

పిల్లలు కోర్టుకు రావడం లేదు. బడి వేళలో వరసగా నిలబడతారు, రాకెట్ ఇస్తే పట్టుకుంటారు, గంట కొట్టగానే వెళ్లిపోతారు. సాయంత్రం ఒక్కరూ ఉండరు. ఆయతిని ఆపి అడిగాను. "పెద్దమ్మ చేతికేం కాలే. మేం చూసినం. మీరెందుకట్ల చెప్పిన్రు టీచర్?" అంది. నన్ను అక్కా అని పిలిచిన పిల్ల అది.

నువ్వు ఒక్క మాట చెప్తే వస్తారు. పిల్లల రాకెట్లకు తీగలు జారుతున్నాయి, కొన్ని తెగాయి కూడా. గట్టిగా బిగించి అల్లితే నిలుస్తాయని సోమారు అంటున్నాడు, అల్లిద్దామనుకుంటున్నాను. త్వరగా రా వదినె. అన్న అన్నం సరిగా తినడం లేదు.

బుల్లమ్మ


తర్లగూడ,
ఫిబ్రవరి ఆఖరు.

బుల్లమ్మకు,

మిరపకోతకు పోయి ఇప్పుడే వచ్చాను. చేతులు మండుతున్నాయి, అయినా రాస్తున్నాను. నీ ఉత్తరంలో ఒక మాటకు ఆలస్యం చేయకూడదు.

పిల్లల రాకెట్లు బిగించకు. వాళ్లవి లేత చేతులు. ఆ ఎర్రమట్టి తీగల మధ్య చేరి వాటిని కోస్తుంది, అందుకే తెగుతున్నాయి. రోజూ పొడి గుడ్డతో తుడిపించు. జారిన తీగను వేళ్లతో సర్దుకోవడం ఆటలో భాగమని నేర్పించు. తెగినవి వదులుగానే మళ్లీ అల్లు. రాకపోతే అట్లాగే ఉంచు, నేను వచ్చి అల్లుతాను. నీ కోసం కాదు.

వాళ్లను కోర్టుకు పొమ్మని నేను చెప్పను, వద్దని కూడా చెప్పలేదు. ఆయతి నిన్ను అడిగింది కదా, దానికి జవాబు చెప్పాల్సింది నువ్వు. చెప్పి చూడు. పిల్లలు మనకంటే త్వరగా క్షమిస్తారేమో.

మీ అన్న నన్ను పిలవడానికి మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు మా అమ్మ సారలమ్మ మంచినీళ్లిచ్చి పక్కకు పోయింది. అతను అరుగు మీద కూర్చుని, "ఇంటికి రావే" అన్నాడు.

"సాబు దగ్గరికి పోయి, నా పెండ్లాం చెయ్యి బాగుంది, ఆ సంగతి నాకు ముందే ఎరుకని చెప్తవా?" అని అడిగాను.

"చెల్లె నౌకరి పోతది."

"దాన్ని తీసెయ్యమంటలేను. నా మీద పడ్డ అబద్ధం తియ్యమంటున్న."

లేచి భోపాల్‌పట్నం బస్సెక్కి పోయాడు. నిన్న మళ్లీ వచ్చాడు. అరుగు కూడా ఎక్కకుండా వాకిట్లో నిలబడే, "చెప్పిన. సాబు విన్నడు. ఆర్డరు మారదన్నడు. నన్ను తప్పువట్టిండు" అన్నాడు. డ్యూటీ బట్టల మీదే వచ్చాడు. ఆ మాట చెప్పడానికి అతనికి ఎంత కష్టమయిందో మొహం చూస్తే తెలిసింది. మారదని నాకూ తెలుసు. అయినా చెప్పాడు. అందుకని ఎల్లుండి అతనితో వస్తున్నాను.

నువ్వు చెప్పలేదు. నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. నోరు జారిందన్నావు, వీధిన పడతానన్నావు, అన్న అన్నం తినడం లేదన్నావు. తప్పయిందని ఎక్కడా లేదు. నీ పని పోయిందని అప్పుడే ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ పోస్టు నీకే ఇమ్మని నేనే పోయి అడిగేదాన్నేమో. ఏమో, అడగకపోయేదాన్నేమో కూడా. నాకది తెలుసుకునే అవకాశం నువ్వివ్వలేదు. నా మంచితనాన్ని నువ్వే లెక్క వేసుకుని, చాలదనుకున్నావు.

ఆ ఇల్లు మీ నాన్నది, అందులో నీకు చోటు ఉంటుంది. క్వార్టరు వచ్చేదాకా ఉండు. వండి పెడతాను. పండక్కి నీ తలకు నూనె పెడతాను. జ్వరమొస్తే నీ పక్కన కూర్చుంటాను. ఊళ్లో ఎవరడిగినా నీ మీద ఒక్క మాట అనను.

కానీ బుల్లమ్మా, ఇక నుంచి ఎట్లా ఉన్నావు వదినె అని నువ్వు అడిగితే, బాగున్నానంటాను. ఎప్పుడడిగినా బాగున్నాననే అంటాను.

సోమమ్మ